పంతొమ్మిదేళ్లు రెప్ప వేయని భవతారణ్ కుండూ

కలకత్తా వైపున్న కృష్ణనగర్ కుమ్మరి సందులో రోగాలకి కూడా అంతస్తులున్నాయి. గ్యాసు, గుండెల్లో మంట అందరికీ ఉన్నవే కనుక వాటి గురించి ఎవరైనా మొదలుపెడితే పక్కవాడు పేపరు తిరగేస్తాడు. మోకాళ్ల నొప్పికి కాస్త మర్యాద ఉంది. చక్కెర జబ్బుకి ఇంకాస్త. మోహితోష్ మాస్టారి పిత్తాశయంలో పడున్న మూడు రాళ్లకి నిమాయ్ టీకొట్టు బల్ల మీద రెండో స్థానం. మొదటి స్థానం మాత్రం పంతొమ్మిదేళ్లుగా భవతారణ్ కుండూదే. ఎందుకంటే ఆయన నిద్రపోడు.

సరిగ్గా నిద్రపట్టక అవస్థ పడేవాళ్లు సందుకి నలుగురుంటారు. భవతారణ్ ఆ బాపతు కాదు. ఆయన అసలు నిద్రే పోడు. పోస్టాఫీసులో ఉత్తరాలు ఊళ్ల వారీగా గూళ్లలోకి విసిరే ఉద్యోగం ఆయనది. నలభై నాలుగో ఏట రావలసిన ప్రమోషను ఇంకెవరికో పోయింది. ఆ రాత్రి కన్నంటుకోలేదు. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఇక లెక్క పెట్టడం మానేశాడు. ఉద్యోగం ముగిసి మూడేళ్లయినా పరిస్థితి మారలేదు.

పొద్దున్నే మంకీ టోపీ పెట్టుకుని, శాలువా కప్పుకుని ఆయన టీకొట్టుకి రాగానే నిమాయ్ బల్ల తుడిచి, మొదటి గ్లాసు ఆయనకే ఇచ్చేవాడు. సందులో చిన్నవాళ్లందరికీ ఆయన కాకూ, అంటే బాబాయి.

"ఏం కాకూ, రాత్రి ఏమైనా?"

భవతారణ్ వెంటనే జవాబివ్వడు. టీ ఒక గుక్క తాగి, ఆకాశం వంక చూసి, తల అడ్డంగా ఊపుతాడు. "లేదురా. రెప్ప పడితే ఒట్టు. ఒంటిగంటకి మిత్తిర్ల ఇంటి కుక్క మొరిగింది. రెండున్నరకి చినుకులు పడ్డాయి. మూడింటికి గూడ్సు బండి పోయింది. తెల్లారింది."

అందరూ అయ్యో అని నోరు చప్పరించేవాళ్లు. మోహితోష్ మాస్టారు రాళ్ల సంగతి ఆ రోజుకి వాయిదా వేసుకునేవారు.

ఆయన వాడని మందు లేదు. హోమియోపతి తెల్ల గోలీలు సీసాల కొద్దీ మింగాడు. బ్రాహ్మీ ఆకు రసం తాగాడు. తల ఉత్తరానికి తిప్పాడు, దక్షిణానికి తిప్పాడు, ఒక వేసవిలో మంచం కింద కూడా పడుకున్నాడు. ఎన్ని చేసినా పొద్దున్నే అదే మాట. ఈ కథంతటికీ ఎదురు చెప్పే మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ భార్య బీణాపాణి.

"మీరు నిద్రపోతారండీ," అనేది ఆవిడ, లూచీ పూరీలకి పిండి పిసుకుతూ. "గురక పెడతారు. దోమతెర ఊగుతుంది."

"అది గురక కాదు, ప్రాణాయామం. దీర్ఘంగా ఊపిరి తీస్తే కాస్తయినా కునుకు పడుతుందని చేస్తాను. నా శబ్దం నాకే వినపడుతుంటే అది గురకెలా అవుతుందీ?"

బీణాపాణి పిండి వంక చూసి నిట్టూర్చేది. మొదటి రెండేళ్లూ ఈ వాదన నడిచింది. తర్వాత ఆవిడ నోరు కట్టేసుకుంది.

ఈ రోగం వల్ల సందుకి ఒక లాభం కూడా కలిగింది. ఇదివరకు కుర్రాళ్లు వంతుల వారీగా రాత్రిపూట కర్ర తట్టుకుంటూ కాపలా తిరిగేవాళ్లు. క్లబ్బు కార్యదర్శి గోరాచాంద్ ఒక మీటింగులో లేచి, "భవతారణ్ కాకూ కిటికీలో ఉండగా మనకి ఇంకో కాపలా ఎందుకు?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కాపలా ఆగిపోయింది. ఏడిళ్లకీ కలిపి నీళ్లు ఎక్కించే మోటారుని కూడా తెచ్చి భవతారణ్ పడకగది కిటికీ కింద, ఇటుకల గూడు కట్టి బిగించారు. ఇంతకన్నా క్షేమమైన చోటు కృష్ణనగర్‌లో ఇంకొకటి లేదని అందరి నమ్మకం.

పుష్యమాసంలో ఒక పొద్దున కుళాయిలు దగ్గి, తుమ్మి, ఊరుకున్నాయి. చూస్తే మోటారు లేదు.

ఊరికే మాయమవడం కూడా కాదు. దాని నాలుగు బోల్టులూ తుప్పుపట్టి పునాదిలో పాతుకుపోయి ఉన్నవి. వాటిని సుత్తితో కొట్టి కొట్టి విరగ్గొట్టారు. ఇటుకల గూడు సగం కూలగొట్టారు. ఇనప పైపు రంపంతో కోశారు. చూసిన ప్లంబరు, "తక్కువలో తక్కువ ముప్పావుగంట పని," అని తేల్చేశాడు. "చప్పుడు స్టేషనుదాకా వినిపించి ఉంటుంది."

సందు సందంతా తలలెత్తి కిటికీ వంక చూసింది. కిటికీలో పళ్లపుల్లతో భవతారణ్ నిలబడి ఉన్నాడు.

"కాకూ," అన్నాడు గోరాచాంద్, చాలా మెత్తగా. "రాత్రి మేలుకునే ఉన్నారు కదా?"

"ఎప్పటిలాగే."

"ఏమీ వినపడలేదా?"

"కుక్క మొరిగింది," అన్నాడు భవతారణ్. పళ్లపుల్ల మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి ఎస్సై అర్ధేందు పాల్ వచ్చాడు. కుర్చీలో కూర్చుని, ఎదురుగా నిలబడ్డ బీణాపాణిని చూసి, "కాకీమా, కాస్త టీ దొరుకుతుందా?" అన్నాడు, పిన్నిని అడిగినంత చనువుగా. ఆవిడ లోపలికి వెళ్లింది. అప్పుడు భవతారణ్ వంక తిరిగాడు.

"సూటిగా చెప్పండి. రాత్రి పడుకున్నారా, మేలుకున్నారా?"

"నేను పడుకోను బాబూ. ఎవర్నైనా అడగండి."

"అడిగాను. అందరూ అదే చెప్పారు. అయితే మేలుకునే ఉన్నారు. మీ తలకి మూడడుగుల దూరంలో ముప్పావుగంట సుత్తి దెబ్బలు పడ్డాయి. మీకు వినపడలేదు. చెవులు బాగానే ఉన్నాయా?"

"భేషుగ్గా ఉన్నాయి."

"మరి నన్నేమనుకోమంటారు?" అన్నాడు ఎస్సై. "పడుకున్నవాడికి వినపడలేదంటే అర్థముంది. మేలుకున్నవాడికి వినపడలేదంటే దానికి వేరే అర్థముంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పడుకున్నానంటే పంతొమ్మిదేళ్ల పరువు గంగలో కలుస్తుంది. మేలుకున్నానంటే దొంగలకి చుట్టమవుతాడు. భవతారణ్ "మేలుకునే ఉన్నాను," అన్నాడు. ఎస్సై తన పుస్తకంలో ఆ మాట రాసుకుని, కింద రెండు గీతలు గీశాడు. బీణాపాణి తెచ్చిన టీ తాగి, బాగుందని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి టీకొట్టు దగ్గర గాలి మారింది. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఆయన్ని తినేసింది. ఆయన వచ్చి కూర్చోగానే మాటలు ఆగిపోయేవి. ఎవరైనా 'దొంగ' అన్న మాట అంటే చాలు, గుమ్మడికాయల దొంగ సామెతలోలాగ చెయ్యి దానంతటదే భుజం మీదకి పోయేది. నాలుగో రోజున గోరాచాంద్ ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎస్సై గారు ఒక దారి చెప్పారు కాకూ. మీరు రాత్రిళ్లు పడుకుంటారని డాక్టరు చేత కాగితం తెస్తే మీ పేరు కొట్టేస్తారట."

"పడుకోనని తెస్తే?"

గోరాచాంద్ తల గోక్కున్నాడు. "అప్పుడు మిమ్మల్ని తీసుకుపోతారట."

కాగితం ఎలాగూ 'పడుకోడు' అనే వస్తుందని భవతారణ్‌కి తెలుసు. అయినా వెళ్లాలనిపించింది. జైలుకి పోయినా ఫరవాలేదు, తన నిద్రలేమి నిజమని కలకత్తా డాక్టర్లు ముద్ర వేసి ఇస్తే చాలు. దాన్ని చట్రం కట్టించి నిమాయ్ కొట్లో వేలాడదీయొచ్చు.

కలకత్తాలో ఒక ఆసుపత్రిలో నిద్ర పరీక్ష చేస్తారు. సాయంత్రం చేరగానే ఒక నర్సమ్మ ఆయన తలకి, గడ్డానికి, గుండెకి, కాళ్లకి జిగురు రాసి పాతిక తీగలు అంటించింది. వాటి చివర్లన్నీ ఒక పెట్టెలోకి పోయాయి. బీణాపాణి తలుపు దగ్గర నిలబడి చూసి, "మన కుమ్మర్లు రంగు వేయకముందు జగద్ధాత్రి బొమ్మ వెనక వైపు ఇలాగే ఉంటుంది," అంది. ఆవిడకి పక్కగదిలో మంచం ఇచ్చారు.

తెల్లవారి నర్సమ్మ తీగలు పీకుతుంటే భవతారణ్‌కి జాలి వేసింది. "అమ్మా, మీ కరెంటు దండగైపోయింది. ఒక్క నిమిషం కూడా పడలేదు. గోడ మీద బల్లి ఎటు పోయిందో కూడా చెప్పగలను."

డాక్టరు శర్మిష్ఠా గుహ నలభై ఏళ్ల మనిషి. మొగుడూ పెళ్లాలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని కాగితాలు తిప్పింది.

"ఆరు గంటల నలభై ఒక్క నిమిషాలు," అంది.

"ఏమిటవి?"

"మీరు నిద్రపోయినవి."

భవతారణ్ నవ్వాడు. "కాగితాలు మారాయి డాక్టరుగారూ. ఎదురుగదిలో ఎవరో లావుపాటాయన ఉన్నాడు, చూడండి."

"పేరు మీదే. గుండె మీదే. ఈ గురక కూడా మీదే." ఆమె కంప్యూటరు తెర వాళ్లవైపు తిప్పింది. తెర మీద తీగల మధ్య ఒక మనిషి నోరు తెరుచుకుని ఉన్నాడు. మరపడవ గట్టు వదులుతున్నప్పటి చప్పుడు గదంతా నిండింది.

"అది ప్రాణా..." అని మొదలుపెట్టి భవతారణ్ ఆగిపోయాడు.

"మూడూ పదికి మీ తలుపు బయట మా ఆయా చేతిలోంచి స్టీలు బేసిన్లు పడ్డాయి. పన్నెండు. మూడంతస్తులూ లేచాయి. మీకు వినపడ్డాయా?"

భవతారణ్ వెతుక్కున్నాడు. బల్లి గుర్తుంది. ఫ్యాను గుర్తుంది. బేసిన్లు లేవు.

డాక్టరు గొంతు తగ్గించింది. "మీరు అబద్ధం ఆడుతున్నారని నేననడం లేదు. ఇలాంటివాళ్లు మా దగ్గరికి నెలకి ఇద్దరు ముగ్గురు వస్తారు. మనిషి పడుకున్నా మెదడులో ఏదో ఒక మూల పూర్తిగా పడుకోదు. మధ్యమధ్య ఒక్క క్షణం తెలివొస్తుంది, ఫ్యానో బల్లో కనిపిస్తుంది, మళ్లీ నిద్ర పట్టేస్తుంది. పొద్దున్నే ఆ క్షణాలు మాత్రమే గుర్తుంటాయి. వాటినన్నిటినీ కలిపి కుట్టుకుంటే రాత్రంతా మేలుకున్నట్టే ఉంటుంది. మీరు నిద్రపోతున్నారు, కానీ ఆ సంగతి మీకు ఎవరూ చెప్పలేదు."

"నేను చెప్పాను," అంది బీణాపాణి. ఆ మాట అన్నాక నవ్వు మొదలైంది. చీర చెంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వింది. డాక్టరు ఆవిడ కళ్ల కింద నల్లటి చారల్ని ఒక్క క్షణం పరిశీలనగా చూసి, "మీరెలా పడుకుంటారమ్మా?" అని అడిగింది.

"నాదేముంది లెండి," అంది బీణాపాణి కళ్లు తుడుచుకుంటూ.

తిరుగు బండిలో భవతారణ్ ఆ కాగితం మడిచి, లోపలి జేబులో పెట్టి, పిన్నీసు గుచ్చాడు. రాణాఘాట్ దాటాక పెళ్లాం వైపు వంగి, "ఎవరికీ చెప్పకు," అన్నాడు. జీవితంలో ఆయన ఆవిడని బతిమాలింది ఆ ఒక్కసారే.

ఆవిడ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ రాలేదు. ఠాణాలో ఆయన కాగితం ఇస్తూ, "ఇది మీ మనసులోనే ఉంచుకోండి బాబూ," అని ప్రాధేయపడితే, ఎస్సై తల ఊపి, కళ్లజోడు పెట్టుకుని, కానిస్టేబుళ్లందరి మధ్య గట్టిగా చదివాడు. "ఆరు గంటల నలభై ఒక్క నిమిషాలు! నేను నాలుగు గంటలు కూడా పడుకోవడం లేదు. అదృష్టవంతులండీ!" సాయంత్రానికి ఆ అంకె సందులో ఇంటింటికీ చేరింది.

మర్నాడు టీకొట్టులో మొదటి గ్లాసు మోహితోష్ మాస్టారి చేతిలో ఉంది. ఆయన మూడు రాళ్ల గురించి వరుసగా, ఒక్కొక్క రాయి గురించి విడివిడిగా చెబుతున్నారు. నిమాయ్ భవతారణ్‌ని చూసి, "రండి కుంభకర్ణ కాకూ," అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు గాని, బల్ల మీద నవ్వు అప్పటికే మొదలైపోయింది.

ఆ రాత్రి అవమానంతో భవతారణ్‌కి నిజంగానే నిద్ర పట్టలేదు.

అది పూర్తిగా వేరే సంగతని ఆయనకి ఒక గంటలోనే అర్థమైంది. పంతొమ్మిదేళ్లుగా తను గడుపుతున్నాననుకున్న రాత్రుల్లో కుక్క, చినుకులు, గూడ్సు బండి ఒకదాని వెనక ఒకటి చకచకా వచ్చేవి. ఇప్పుడు కుక్క మొరిగాక ఇంకేమీ జరగలేదు. ఎంతసేపటికీ ఏమీ జరగలేదు. కాళ్లు చల్లబడ్డాయి. వీపు దురద పెట్టింది. గడియారం చూస్తే పదకొండు నిమిషాలే గడిచాయి. 'ఇంత పొడుగ్గా ఉంటుందా రాత్రి?' అనుకుని, పక్కకి తిరిగి, "విన్నావా?" అన్నాడు.

పక్కన ఎవరూ లేరు. దోమతెర అటువైపు నీటుగా మడిచి ఉంది.

పెరటి వరండాలోంచి గుసగుసలు వినపడ్డాయి. వెళ్లి చూస్తే బీణాపాణి ఈజీచెయిర్లో శాలువా కప్పుకుని కూర్చుని స్వెట్టరు అల్లుతోంది. పక్కన ఫ్లాస్కు, ఒక గిన్నెలో మరమరాలు, పళ్లెంలో రెండు సర్‌పురియా మిఠాయి ముక్కలు. అవతల చేతికందే దూరంలో వెనకింటి బాల్కనీలో ఆ ఇంటావిడ తరులత, ఆవిడా స్వెట్టరుతోనే ఉంది. ఇద్దరూ ఆయన్ని చూసి దెయ్యాన్ని చూసినట్టు బిగుసుకుపోయారు.

"మీరు లేచారేమిటండీ?" అంది బీణాపాణి. ఆ గొంతులో కంగారు కన్నా చిరాకే ఎక్కువ ఉంది.

"నువ్వేం చేస్తున్నావిక్కడ?"

"నిద్ర పట్టక కూర్చున్నాను."

"ఎన్నాళ్ల నుంచి?"

"మీకు పట్టకపోవడం మొదలైన దగ్గర్నుంచి. మీ ప్రాణాయామం పక్కన ఎవరికి పడుతుందీ? మీరు మధ్యాహ్నం పేపరు చదివేటప్పుడు కాస్త నడుం వాలుస్తాను."

"మా ఆయనదీ అదే వరసండీ," అంది తరులత అవతలనుంచి ఓదార్పుగా. "పన్నెండేళ్లుగా మాకిదే కాలక్షేపం. ఇప్పటికి నలభై స్వెట్టర్లయ్యాయి."

భవతారణ్ గడప మీద కూలబడ్డాడు. ఒక్కొక్కటే అర్థమవుతోంది. అలమారలో తను దాచుకున్న మిఠాయిని ఇన్నాళ్లూ తింటున్నది చీమలు కావు. ఉన్నట్టుండి ఆయన తల ఎత్తాడు.

"మరి... మోటారు పోయిన రాత్రి?"

ఆడవాళ్లిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"చూశాం," అంది బీణాపాణి.

"చూశారా!"

"అరవకండి, ఊరు లేస్తుంది. దొంగలని మాకేం తెలుసు? మోటారు మరమ్మతుకి పంపిస్తానని గోరాచాంద్ రెండు నెలలుగా అంటూనే ఉన్నాడు కదా. ఇప్పటికైనా పంపించాడనుకున్నాం. నేనే ముందుగదిలోకెళ్లి కిటికీలోంచి, 'కాస్త మెల్లగా కొట్టండి నాయనా, మా ఆయన పడుకున్నారు' అని కూడా అన్నాను. పాపం, గోనెసంచీ చుట్టి కొట్టారు."

"అర్ధరాత్రి మరమ్మతా!"

"గోరాచాంద్ ఏ పని వేళకి చేశాడు గనక?"

తరులత గొంతు సన్నగా వచ్చింది. "నేను వీధిలోకి దిగి టార్చి పట్టాను. చీకట్లో వేళ్ల మీద కొట్టుకుంటారేమోనని."

భవతారణ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "పోలీసు మన ఇంటికే వచ్చాడు కదా! నన్ను దొంగన్నాడు కదా! నోరు విప్పలేదేం?"

"ఆయన నన్ను టీ అడిగాడు, పెట్టాను. రాత్రి సంగతులు మిమ్మల్నే అడిగాడు. సందంతా కూడా మిమ్మల్నే అడిగింది. పంతొమ్మిదేళ్లలో రాత్రి ఏం జరిగిందని నన్ను అడిగినవాళ్లెవరు?" బీణాపాణి సూది ఆగింది. "దొంగలని తెలిశాక చెబుదామనే అనుకున్నాను. తరులత ఏడ్చింది, టార్చి పట్టినదాన్ని ఊరుకుంటారా అని. మిమ్మల్ని ఎలాగూ ఏమీ చేయరనిపించింది. మీ గురక ఏ డాక్టరైనా పట్టేస్తాడు."

భవతారణ్‌కి కోపం రావలసింది. వచ్చింది కూడా, కాని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. చివరికి బీణాపాణి ఫ్లాస్కులోంచి టీ పోసి ఆయనకిచ్చింది. "తాగండి. మేలుకున్నవాళ్లకి చలి ఎక్కువ," అంది.

మర్నాడు మొగుడూ పెళ్లాం, వెనక తలమీద ముసుగుతో తరులత, ముగ్గురూ ఠాణాకి వెళ్లారు. ఈసారి మాట్లాడింది బీణాపాణి. ఆ రాత్రి మోటారు కోసం వచ్చింది ఇద్దరు. ఒకడికి ఎడమ బొటనవేలు లేదు. రెండోవాడి పేరు ఫొటిక్. వాళ్లు తెచ్చిన రిక్షా బండి పక్కపలకల మీద ఎర్ర చేప బొమ్మ ఉంది.

"పేరు మీకెలా తెలుసు కాకీమా?" అన్నాడు ఎస్సై.

"అడిగాను బాబూ. ఎక్కడికి తీసుకెళ్తున్నారని కూడా అడిగాను, గోరాచాంద్ మళ్లీ పోగొడతాడేమోనని. ఘూర్ణీ మలుపులో పాత ఇనుము కొట్టు పక్కన షెడ్డు, అన్నారు. మంచి కుర్రాళ్లే."

ఎస్సై ఆ రాసుకున్న కాగితం వంక చాలాసేపు చూశాడు. టార్చి సంగతి మాత్రం, తనకి వినపడనట్టే, రాసుకోలేదు. సాయంత్రానికి షెడ్డులో మోటారు దొరికింది. సగం చెడిపోయిన సరుకు కనుక కొనేవాడు దొరక్క, దొంగలు దాన్ని విప్పి, కొత్త వైండింగు చుట్టించి, బేరింగులు మార్చి, రంగు కూడా వేయించారట. మళ్లీ బిగించాక నీళ్లు మూడో అంతస్తుకి సర్రున ఎక్కాయి. రెండు నెలల్లో గోరాచాంద్ చేయించలేనిది దొంగలు పది రోజుల్లో చేయించారని సందులో ఆడవాళ్లు అనుకోని పూట లేదు. అతను కొన్నాళ్లు వేరే వీధి చుట్టి తిరిగి ఇంటికెళ్లేవాడు.

భవతారణ్ తన పక్క ముందుగదిలోకి మార్చుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, తనే దోమతెర మేకులు కొట్టుకున్నాడు. మొదటి రోజున బీణాపాణి పొద్దున్న పదింటిదాకా లేవలేదు. ఆయన నాలుగుసార్లు తలుపు సందులోంచి చూశాడు. ఊపిరి ఆడుతోందా లేదా అని ఒకసారి ముక్కు దగ్గర వేలు కూడా పెట్టాడు. తర్వాత వంటింట్లోకెళ్లి, ముప్ఫై ఏడేళ్ల సంసారంలో మొదటిసారి టీ కాచాడు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మిగిలిన అరగ్లాసు ఆవిడ మంచం పక్కన పెట్టాడు. అది చల్లారిపోయింది. అయినా ఆవిడ లేచి తాగింది.

తనకి మాత్రం ఇప్పటికీ పొద్దున్నే రాత్రంతా మేలుకున్నట్టే ఉంటుంది. "ఏం కాకూ?" అని నిమాయ్ అడిగితే, "నాకైతే పడుకోనట్టే ఉంది. పడుకునే ఉంటాను," అంటాడు. అందులో వేళాకోళం లేదు కనుక నవ్వడానికి ఎవరికీ పట్టు దొరకదు.

మిగిలింది తరులత. ఎదురు వరండాలో తోడు లేక, ఇంట్లో మొగుడి గురక భరించలేక పదిహేను రోజులు చూసి, చివరికి భవతారణ్ దగ్గరకే వచ్చింది. "మా ఆయనని కూడా ఆ తీగల డాక్టరుకి చూపించండి దాదా. నేను చెబితే వినడు. తనది గురకే కాదంటాడు."

ఫాల్గుణంలో ఒక శనివారం భవతారణ్ ఆయన్ని వెంటబెట్టుకుని కలకత్తా బండి ఎక్కాడు. దారిలో వేరుసెనక్కాయలు కొని ఒలిచి పెడుతూ, అన్నీ తెలిసినవాడిలా జాగ్రత్తలు చెప్పాడు. "తలకి నూనె రాసుకురాలేదు కదా? మంచిది, నూనె ఉంటే తీగలు అంటుకోవు. రాత్రి ముసుగు తన్నకు, కెమెరాకి మొహం కనపడాలి. పొద్దున్నే ఆ డాక్టరమ్మ ఒక అంకె చెబుతుంది. వెంటనే ఎదురు చెప్పకు. ముందు కూర్చో, మంచినీళ్లు తాగు."